వెనక జేబు

"వెనక జేబులో ఏముంది?" అనడిగింది బ్రాన్విన్,
నా నడుం కథ నేనింకా మొదలుపెట్టకముందే.

బల్లారట్‌లో జులై. బయట ఎవరో కారద్దం మీద మంచు గీకుతున్నారు.
లోపల కొక్కేనికి వేలాడుతోంది
ఒక ప్లాస్టిక్ వెన్నెముక, ఎవరిదీ కానిది.

పర్సు తీసి బల్ల మీద పెట్టాను.
అది బల్లకి ఆనలేదు.
తొమ్మిదేళ్ళు నా కింద నలిగి
అరటిదొప్పలా వంగిపోయింది.

ఆవిడ ఒక్కొక్కటీ బయటికి లాగింది.
ఎప్పుడో మూతబడిన సీడీల షాపు కార్డు.
ఒక గుండీ. దాని చొక్కా పోయి చాలా కాలమైంది.
అక్షరాలెగిరిపోయిన పెట్రోలు రశీదులు, లెక్కపెడితే పద్నాలుగు.
హైమ రాసిన సామాన్ల చీటీ:
కందిపప్పు, బల్బులు, కోపం తగ్గాక ఫోన్ చెయ్యి.
డబ్బు మాత్రం లేదు.

"రోజూ ఎనిమిది గంటలు
వీటి మీద కూర్చునా బస్సు నడిపేది?"

నేను ఒప్పుకోలేదు.
ఇంత నొప్పికి ఏదో పెద్ద కారణం ఉండాలి కదా.
ఆ ఏడాది పక్కింటి వాళ్ళ ఫ్రిజ్జు మోశానని చెప్పాను.
మెట్ల మీద జారిన సంగతి కొంచెం పెంచి చెప్పాను.
ఆవిడ పెన్ను కదల్లేదు.
"నిన్న పొద్దున్నించి చెప్పండి," అంది.

నిన్న ఏముంది!
ఒంటికాలి మీద కొంగలా నిలబడి మేజోళ్ళు తొడిగాను.
మోకాళ్ళున్న సంగతి మరిచి
ఉతికిన బట్టల బుట్ట నడుంతోనే ఎత్తాను.
బస్సెక్కే ప్రతి మనిషికీ
కాళ్ళు ఇటే ఉంచి, మొండెం అటు తిప్పి గుడ్ మార్నింగ్.
చివరి స్టాపులో పది నిమిషాల విరామం దొరికితే
సీట్లోంచి లేవకుండా పులిహోర తిన్నాను.
ఇంటికొచ్చి సోఫాలో, వీపెక్కడో తలెక్కడో,
ఫోన్ చూస్తూ అలాగే కరిగిపోయాను.

చెబుతుంటే నాకే సిగ్గేసింది.
అప్పుడు కదిలింది పెన్ను.

మా భాషలో పౌరుషమంతా నడుంలోనే పెట్టారు, బ్రాన్విన్.
పనికి దిగితే బిగించేది అదే, దెబ్బ తింటే విరిగేదీ అదే.
ఒళ్ళంతా మంచం మీద పడేసినా
"కాస్త నడుం వాలుస్తా" అనే అంటాం.
ఇవేవీ ఇంగ్లీషులోకి రాలేదు.
వేలు పెట్టి చూపించి, "ఇక్కడ," అన్నాను.

ఆవిడ నీలిచారల తువ్వాలొకటి చుట్ట చుట్టి
సరిగ్గా అక్కడే దోపింది.
వెన్నుదన్ను అనే మాట ఇన్నాళ్ళూ
ఎన్నికలప్పుడు పేపర్లోనే చదివాను.
అది తువ్వాలని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు తెల్లవారక ముందే డిపోలో
పర్సు ముందు జేబులోకి మార్చి కూర్చున్నాను.
ఎవరో నన్ను ఎడం పక్కకి ఒంచేసినట్టుంది.
తిన్నగా కూర్చోవడం ఇంత వంకరగా ఉంటుందా?
అలవాటుకొద్దీ తిప్పిన చోట
అద్దంలో సగం ఆకాశమే.
మళ్ళీ తిప్పాను. ఇంకొంచెం.
అప్పుడు కనబడ్డాయి వెనక సీట్లు, ఒకదాని వెనక ఒకటి.

రెండో స్టాపులో మిసెస్ పాస్కో
చక్రాల సంచీ లాక్కుంటూ ఎక్కి,
ఒక్క క్షణం ఆగి నన్ను పరకాయించింది.
"హెయిర్ కట్టా?"
ఈసారి మొండెం ఒక్కటే కాదు,
మోకాళ్ళతో సహా తిరిగి, "అలాంటిదే," అన్నాను.

నొప్పి పోలేదు. ఎందుకు పోతుంది?
తొమ్మిదేళ్ళు కిస్తీలుగా కట్టి కొనుక్కున్నది.
మూడు వారాల్లో చూద్దాం అంది ఆవిడ.

చివరి స్టాపు. పది నిమిషాలు.
ఇంజను ఆపి కిందికి దిగి
చలిలో రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడి
హైమకి ఫోన్ చేశాను.

"ఏమైంది?" అంది కంగారుగా.
"ఏం లేదు.
నిలబడమన్నారు."