నీటి మీద రాత

ఆలూ చూలూ లేకుండానే
మా సినిమాకి పేరు పెట్టేశాం: మంచు దారి.
"విషయం మీ ఇష్టం, గడువు మాత్రం నాది"
అంది మేరిట్ టీచర్.

హీయుమా దీవిలో ఆ రాత్రి
లేలో గళ్ళ కాగితం నింపింది.
ఫిబ్రవరి మూడు: సముద్రం గడ్డకడుతుంది.
ఏడు: మొదటి కారు అవతలికి దాటుతుంది.
సీటు బెల్టు పెట్టుకోకూడని దారి కదా,
బెల్టు విప్పే చేతుల్ని దగ్గరగా తియ్యాలి.
కెమెరా తావెత్‌ది, అదీ వాళ్ళక్కది.
చప్పుడు నాది:
చక్రాల కింద మంచు మూలగడం,
అది విని డ్రైవరు మాట ఆపెయ్యడం.
చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి,
చంకలో పెట్టుకోవాలని కూడా రాసుకున్నాం.

"ఒకవేళ" అన్న గడి ఒక్కటే
ఖాళీగా వదిలేశాం.

ఫిబ్రవరి పదిహేడు.
ఏమైందని టీచర్ అడిగితే
ముగ్గురం నీళ్ళు నమిలాం.
నమలడానికి ఈ ఏడు సముద్రమంతా ఉంది.

రేవులో ఐనర్ కనిపించాడు,
ఏటా మంచు మీద దారికి గుర్తులు పాతే మనిషి.
జునిపర్ కొమ్మలు నరికి, కట్టలు కట్టి,
షెడ్డులో పేర్చి ఉంచాడు.
రోజూ పొద్దున్నే వచ్చి
కర్రతో నీటిని తట్టి చూసి వెళ్తాడట.

"ఏం వినిపిస్తుంది?"
కర్ర నా చేతికిచ్చాడు.

పేరు మార్చేది లేదంది లేలో.
కాగితం వెనక్కి తిప్పి
ఒక్క ముక్క రాసింది: రేపు, ఆరింటికి, కర్ర.

బ్యాటరీలు చచ్చేంత చలి లేదు.
అయినా
చంకలోనే పెట్టుకుని వెళ్ళాను.