గోడకు చెవులు

శనివారం ఆఖరి ఫెర్రీలో దిగాడు గాస్పరే,
రగూసా నుంచి. పియానోలు శ్రుతి చేసే మనిషి.
చేతిసంచిలో బిగింపుకీలు, ఉన్ని పట్టీలు,
ఇస్త్రీ నలగని చొక్కాలు రెండు,
దారిలో నమలడానికి బాదం బిస్కెట్లు కూడా.
ఇంత చిన్న సముద్రానికి అన్నీ సర్దుకున్నాడు,
అరచేతిలో ఇమిడే ఆ ప్లాస్టిక్ ముక్క తప్ప.

మా మాల్టాలో గోడలు ముక్కంటులు.
ఇంగ్లీషు దొరలు పోయారు గానీ
వాళ్ళ ప్లగ్గు పోలేదు.
పైన నిలువుగా ఒక కన్ను, కింద అడ్డంగా రెండు.
అతని తీగ చివర సన్నటి పుల్లలు మూడు,
ఒకే వరసలో, బడిపిల్లల్లా.
మూడుకు మూడూ లెక్క కుదిరింది.
పొందికే కుదరలేదు.

ఆ తీగ రెండో కొసన చిన్న డబ్బా,
డబ్బాలో అతని చెవులు,
చార్జింగ్ అయిపోయి
రెండు చిక్కుడు గింజల్లా.

నా బల్ల సొరుగు లాగి చూపించాను.
పదకొండు అడాప్టర్లు:
జపాన్‌వి, బ్రెజిల్‌వి, స్విట్జర్లాండ్‌వి,
ఏ దేశానివో నాకే తెలియనివి రెండు.
మనుషులు సర్దుకోక కాదు.
పోయినసారి ప్రయాణానికి సర్దుకుని
ఈసారి వస్తారు.
పనికిరావని తేలాక నాకు వదిలేసి పోతారు.

జేబులోంచి పెన్ను తీసి
పై కన్ను పొడవనా అని సైగ చేశాడు,
కింది రెండూ తెరుచుకుంటాయట.
తెలుసు. మా ఆయన విస్టిన్ అదే చేశాడొకసారి, రేజరు కోసం.
మూడో గదిలో సెయింట్ రోక్ పటం
అంత కిందకి ఎందుకు తగిలించానో
ఎత్తి చూస్తే తెలుస్తుంది. మసి.
వద్దన్నాను, రెండు చేతులతో.

మర్నాడు ఆదివారం, కొట్లన్నీ మూత.
సోమవారం పదింటికి
బ్యాండు క్లబ్బులో అతని పని.

ఆదివారం రాత్రి
కిటికీ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి
రేవులో దీపాలు చూస్తూ కూర్చున్నాడు.
వెనక నేను దిండు గలీబులు మడతపెడుతున్నాను.
చెవిటివాడి ముందు శంఖం.
శంఖమే ఊదాలనిపించింది నాకా పూట.

ఆ క్లబ్బు పియానో మాదేనని చెప్పాను.
అమ్మ పోయిన నెలకే అమ్మేశానని,
అక్కకి మాత్రం చెద పట్టిందని చెప్పానని.
పట్టలేదు.
డబ్బు అవసరమూ లేదు.
నా ఏడో ఏట, టీచరు వేళ్ళ కణుపుల మీద కొట్టిన రోజు
మధ్య 'లా' మీట పక్క సందులోకి
మూడు మిల్స్ నాణెం జారవిడిచాను, కావాలనే.
అప్పట్నుంచీ ఆ మీట మూలిగేది.
అమ్మ ఎలుకనుకుని బోను పెట్టింది.
ఇదంతా ఇటాలియన్‌లో చెప్పాను.
ఇంటి భాషలో చెబితే
నాకు వినబడుతుందని కాబోలు.

సోమవారం ఎనిమిదికి సల్వు కొట్టు తెరిచాడు.
మూడు యూరోల డెబ్బై.
గంటసేపు ఆ చెవులు నా గోడకున్నాయి,
పచ్చదీపం మినుకుమంటూ.
గోడలకు చెవులుంటాయని అనడమే గానీ
కళ్ళారా చూడటం అదే మొదలు.

సాయంత్రం వచ్చి లెక్క చెల్లించాడు,
రసీదు అడిగి తీసుకున్నాడు.
పియానో ఎలా ఉందన్నాను.
"చెద లేదు, సిన్యోరా చెన్సా,"
అంటూ బల్ల మీద ఏదో పెట్టాడు.
పూరేకుల్లా నొక్కులున్న అంచు,
ఊదితే ఎగిరేంత తేలిక,
మీద తేనెటీగ.

అతను వెళ్ళాక, చీకటి పడ్డాక
అదే కుర్చీలో, అదే కిటికీ ముందు కూర్చున్నాను.
అద్దంలో నా వెనకున్న బల్ల కనబడింది,
మడతపెట్టిన గలీబులు,
అక్కడ నిలబడితే
ఒక్కొక్క మాటకీ కదిలే పెదాలు ఎక్కడుంటాయో
ఆ ఎత్తు.

అడాప్టర్ మర్చిపోయి వెళ్ళాడు.
మూడో గది గోడకే ఉంది, నేనూ తీయలేదు.

గది అడిగేవాళ్ళకి జవాబు రాసేటప్పుడు
చివర ఒక ముక్క కలుపుతున్నాను:
అడాప్టర్ మరవకండి, మా గోడలకు సరిపోయేది.
ఎందుకంత గట్టిగా చెబుతున్నారని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.