రేపు రా తంబీ

సైకిలుకి స్టాండు వేసి పెడల్ తొక్కితే
రాయి తిరుగుతుంది, బండి కదలదు.
వ్యాసర్పాడిలో నలభై ఏళ్ళుగా
ఇలాగే, ఎక్కడికీ పోకుండా తొక్కుతున్నాను.

బక్రీదు ముందు ఖాజా భాయ్ కత్తులు,
ముహూర్తాల నెలలో వంటవాళ్ళ కత్తిపీటలు,
నెలకోసారి మంగలి నాగలింగం కత్తెర.
చేపలదేదో కొబ్బరిదేదో పిడి చూడకుండా చెప్తాను.
ప్రతి ఇనుముకీ ఒక పని ఉంటుంది.
ఆ మంగళవారం వచ్చినదానికి లేదు.

కొత్తది. ధర చీటీ కూడా ఊడలేదు.
లెక్కల నోటుబుక్కు కాగితంలో చుట్టి
నా ముందు పెట్టాడు, యూనిఫాం కుర్రాడు.
కాగితం మీద ఎర్ర సిరాతో పదికి ఏడు.
తెగిన చెప్పుకి పిన్నీసు.
"అమ్మకి. చేపలకి" అన్నాడు, నేల చూస్తూ.

చేపకి అంత మొన దేనికి నాయనా.

ఇరవై రెండేళ్ళ కింద ఇంకొకడు ఇలాగే వచ్చాడు.
పట్టి ఇచ్చాను. పది రూపాయలిచ్చి
చిల్లర ఉంచుకోమన్నాడు.
మర్నాడు టీకొట్లో అందరూ పేపరు చదివారు.
నాకు చదవడం వచ్చు. చదవలేదు.

అందుకని అబద్ధమాడాను:
"రాయి అరిగిపోయింది. రేపు రా తంబీ."
కత్తి నా దగ్గరే వదిలి పోయాడు.

ఆ రాత్రి ఇడ్లీల మణియమ్మ బెంచీ మీద నలుగురం,
నిలబడి ఇద్దరు. మీటింగంటే నవ్విపోతారు.
"వాడు వారంగా నా దగ్గర తినడం లేదు,
ఆ జోయెల్ గుంపు ఇక్కడ కూర్చుంటుందని" అంది మణియమ్మ.
"సబ్‌వే దగ్గర వాడి సంచీ బస్సులోంచి విసిరేశారు.
నేను విజిల్ వేయలేదు, టైం అయిపోతోందని"
కండక్టర్ సెల్వమణి గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.
కాగితం చూసి ఫిలోమినా టీచరు అంది:
"ఈ ఏడు నేను వేసిందే. కదిరేశన్.
వెనక బెంచీకి మారాడు. ఎందుకని అడగలేదు."

తలా ఒక ముక్క ఉంది మా దగ్గర.
ఎవరి ముక్కా కత్తంత పొడుగు లేదు.

ఖాజా భాయ్ పోలీసులన్నాడు.
"కేసు పడితే పిల్లాడి బతుకేం కాను" అని మణియమ్మ లేచింది.
అరుచుకున్నాం. ఇడ్లీలు చల్లారాయి.
కార్పొరేషన్ చీపురుతో అటే పోతున్న కరుణమ్మ,
జోయెల్ వాళ్ళమ్మ, మనూరి మనిషే,
మాటలన్నీ విని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.
కోపమొచ్చిందనుకున్నాం.

తిరిగొచ్చి నా ఒళ్ళో ఇంకో కత్తి పెట్టింది.
వాడి పరుపు కిందదట.
అదే కొట్టు చీటీ. అదే ధర.

అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మర్నాడు వాడొచ్చాడు. "రాయి వచ్చిందా?"
రాలేదన్నాను. ఎల్లుండి కూడా రాలేదు.
సెల్వమణి ముందు మెట్టు దగ్గరే నిలబడడం మొదలెట్టాడు,
టిక్కెట్లు వెనక్కి చేతులు మారి పోతున్నాయి.
టీచరు రెండిళ్ళకీ నడిచి వెళ్ళింది. ఒక ఇంట్లో తిట్లు తింది.
కరుణమ్మ కొడుకుని చెయ్యి పట్టి తీసుకొచ్చి
కదిరేశన్ పక్కన కూర్చోబెట్టి
ఇద్దరికీ పొంగలి పెట్టించింది.
వాళ్ళు మాట్లాడుకోలేదు. ఇవాళ్టికీ మాట్లాడుకోరు.
తిన్నారు, అంతే.

తొమ్మిదో రోజు వాన. సబ్‌వే నిండి బస్సు ఆగింది.
కదిరేశన్ నా పట్టా కింద నిలబడ్డాడు.
కత్తి ఊసెత్తలేదు.
"నేను తొక్కనా అన్నా?" అన్నాడు.
వాడు తొక్కుతుంటే
ఆ రెండు కత్తుల మొనలూ గుండ్రంగా అరగదీశాను.
మంచి ఇనుము. రాయిని సగం తినేసింది.
ఒకటి మణియమ్మ ఉల్లిపాయలకి.
ఇంకొకటి ఫిలోమినా టీచరింట్లో ఉంది,
ఏం చేస్తోందో నేనడగలేదు.

నిన్న ఇంకో రంగు యూనిఫాం కుర్రాడు
రోడ్డవతల చాలాసేపు నిలబడ్డాడు, చెయ్యి సంచీలో పెట్టుకుని.
మణియమ్మ గరిటె ఆపింది.
ఖాజా భాయ్ షట్టర్ సగంలో వదిలి చూశాడు.
దగ్గరికొచ్చాక నేను చెప్పాల్సిందే చెప్పాను,
ఈసారి అబద్ధం కూడా కాదు:
రాయి అరిగిపోయింది.
కూర్చో. టీ తాగు.
రేపు రా తంబీ.