లెక్కించబడ్డాయి

ఉదయం ఎనిమిదైనా తార్తులో ఇంకా చీకటే.
ఎమాయొగి నది మీద మంచు, మంచు మీద కాకులు,
వంటింటి బల్ల దగ్గర నేను, చల్లారిన కాఫీ.
తెర మీద నలుగురం.
మైకులు మూసుకుని, ముఖాలు తెరిచి పెట్టుకుని
ఎవరి వ్యాసం వాళ్లం రాసుకుంటాం.

కంపాలాలో నకిములి కిటికీ అవతల ఓ కోడి
మెడ సాచి నోరు తెరుస్తుంది. కూత మాకు రాదు.
లిస్బన్‌లో దువార్తె ఒక్క వాక్యం రాస్తాడు,
తర్వాత గంటసేపు ఒకటే మీట నొక్కుతుంటాడు.
అకురేరిలో హ్రెప్నా
ఎండుచేపకు వెన్న రాసుకుని నములుతూ
బూడిద గురించి రాస్తుంది.
అగ్నిపర్వతాల బూడిద ఆమె చదువు.

ఆఖరి పది నిమిషాలు మైకులు తెరుస్తాం.
వ్యాసంలో చోటు దొరకనివి నాలుగు పంక్తులుగా చదువుకుంటాం.
ఎవరేం చదివినా హ్రెప్నాది ఒకటే మాట:
"బాగుంది. కానీ ముల్లు తీయకుండా వడ్డించావు."

నా పని లెక్క.
పీట్ నేల లోపలి నుంచి తీసిన మట్టి,
ఒక్కో గాజుపలక మీద మూడు వందల పుప్పొడి రేణువులు,
పైన్, బిర్చ్, ఆల్డర్,
ఎవరూ చూడని అడవుల హాజరుపట్టీ.
ఆ చలికాలమే ఇల్లు మారాను. పెళ్లి చెడింది.
మెడ పట్టేసి వారం రోజులు
పక్కకి తిరిగి పలకాలంటే ఒళ్లంతా తిప్పాల్సొచ్చింది.
వ్యాసంలో మిగిలింది ఒక్క ముక్క:
రేణువులు లెక్కించబడ్డాయి.
ఎవరు లెక్కించారని అడక్కూడదు.
మా రాతల్లో అన్నీ వాటంతటవే జరగబడతాయి.

మార్చిలో సమీక్షలొచ్చాయి.
మొదటిది రెండు వాక్యాలు, చదవలేదని తెలిసిపోతూనే ఉంది.
రెండోది నాలుగు పేజీలు. పేరు లేదు, ఊరు లేదు.
బూడిద పొర తేదీ ఎనభై ఏళ్లు తప్పు.
నాలుగు పలకలు మళ్లీ లెక్కించాలి.
పదకొండో అంశం:
"మూడో పేరాలో చేపను ముల్లు తీయకుండా వడ్డించారు."

మా పీట్ నేలలో అక్కడక్కడ
వెంట్రుక కన్నా సన్నని గాజు పెంకులు దొరుకుతాయి.
ఎప్పుడో ఐస్‌లాండ్‌లో ఓ కొండ పేలితే
సముద్రం దాటి, చప్పుడు చేయకుండా వచ్చి కూచున్న బూడిద.
దాని మీద ఎవరి సంతకమూ ఉండదు.
యంత్రం కింద పెట్టి చూస్తే మాత్రం
ఏ కొండ కడుపులోదో ఇట్టే చెప్పేస్తుంది.

రెండు రాత్రులు కోపంగా ఉన్నాను.
నా నాలుగు పంక్తులు విన్న చెవులే కదా,
నా మెడనొప్పికి వేడి నీళ్ల సంచి చెప్పిన నోరే కదా అని.
మూడో రాత్రి లెక్క సరిచూశాను.
ఎనభై కాదు, ఎనభై మూడు.

గురువారం హ్రెప్నా అందరికన్నా ముందొచ్చింది.
భుజం మీద శాలువా రెండుసార్లు సవరించుకుంది.
నేను గుమ్మడికాయ ఊసే ఎత్తలేదు.
నా వంతు వచ్చినప్పుడు చదివాను:

ఎక్కడి బూడిదో నా నేలలో పడింది.
చేత్తో తుడవబోయాను.
అది లేకపోతే
నా మట్టికి వయసు తెలియదు.

ఈసారి ఆమె ముల్లు మాట ఎత్తలేదు.
మైకు తెరిచే ఉంది, వాళ్ల కిటికీకి గాలి కొట్టుకోవడం వినిపించింది.
కంపాలా కోడి అప్పుడు కూసింది, బొంగురుగా,
ఇన్నాళ్లూ పెద్ద గొంతనుకున్నాను.

వ్యాసం తిరగరాశాను.
నేను లెక్కించాను. మళ్లీ లెక్కించాను.
ప్రూఫుల్లో ఎవరో దిద్దేస్తారు, దిద్దనీ.
చివర కృతజ్ఞతలు:
"పేరు తెలియని ఇద్దరు సమీక్షకులకు."
తెలియని దగ్గర చాలాసేపు ఆగాను.
చిన్న ముల్లే.
ఉంచేశాను.