వీపు లేని కోటు

సంతపేటలో స్టూడియో మేడ మీద
నల్లకోటు ఒకటే. అందరికీ అదే.
వెనకవైపు నిలువునా కత్తిరించి పెట్టాడు గజపతి.
చీర మీదనే తొడిగి
వీపున బట్టల క్లిప్పులు నాలుగు బిగించి
"నవ్వకుండా నవ్వండి మేడం" అన్నాడు.
ఈ వారంలో నేను తొమ్మిదోదాన్నంట.
నాకంటే ముందు కూర్చున్న పిల్లోడి చెమట
కాలరుకి ఇంకా ఆరలేదు.
రెండో బొత్తాం ఊడిపోతే
ఎవరో ఎర్రదారంతో కుట్టారు.

అట్లా, ముందువైపు మాత్రమే ఉన్న మనిషినై
ఇంటికొచ్చి సైట్లో ఎక్కాను.

పేరు కింద ఒక గీత ఖాళీ. నువ్వెవరు అని అడుగుతుంది.
పన్నెండేళ్లు, బంగారుపాళెం రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో
తోతాపురి రసం ఒక చుక్క అద్దం మీద వేసి
కిటికీకేసి, ఒక కన్ను మూసి చూసేదాన్ని.
తీపి పద్నాలుగు దాటితే డ్రమ్ముకి.
దాటకపోతే వెనక్కి.
గేటు దగ్గర ట్రాక్టర్ల వాళ్లు బీడీ ఆర్పేసి
నా నోటికేసి చూసేవాళ్లు.

ఇదంతా రాస్తే
అక్క కొడుకు లోకనాథం చెరిపేశాడు.
"ఇట్ల రాస్తే ఎవురు చదవతారు పిన్నీ?"
నాణ్యత పట్ల మక్కువ, ఫలితాలే లక్ష్యం
అని కొట్టాడు.
నాకు మక్కువ ఊరిబిండి మీద.
నాణ్యత మీద ఉన్నది భయం.

తర్వాత ఒక గడి: ఆగస్టు నుంచి నేటి వరకు.
మా అత్త మోకాళ్లకి నూనె పట్టించాను, రాయొచ్చా?
గ్రీంస్‌పేట బడిలో పదిరోజులు
కాన్పుకి పోయిన టీచరు బదులు లెక్కలు చెప్పాను.
వేలూరు బస్సెక్కి ఒక ఇంటర్వ్యూకి పోయాను.
భోంచేసి రమ్మన్నారు.
భోంచేశాక మళ్లీ ఆ అద్దాల తలుపు తోసే ధైర్యం రాక
బస్టాండులో పొద్దుగూకేదాకా కూర్చుని
బాగా చేశానని ఇంట్లో చెప్పాను.
లోకనాథం ఆ గడిలో
స్వీయ వికాసం అని పెట్టాడు.

చివరికి ఫోటో చుట్టూ పచ్చ వలయం.
పనికి సిద్ధం అని దాని అర్థం.
తొడిమ దగ్గర అంత పచ్చ కనబడితే
ఇంకో నాలుగురోజులు గడ్డిలో మాగబెట్టమని
రాసేదాన్ని నేను.

పాత ఉద్యోగానికి ముగింపు తేదీ వేయలేదు.
మరిచిపోయానని లోకనాథానికి చెప్పాను.
వేలు పోలేదంతే.

ఇప్పుడు జూన్. రాత్రిళ్లు కాయల బండ్లు
మా వీధి మలుపులో గేరు మార్చుకుని పోతున్నాయి,
వేరే గేట్లకి.
నిన్న పొద్దున సైటు దానంతటదే దండోరా వేసింది:
పదమూడేళ్లు పూర్తి! అభినందించండి!

అరవై రెండు మంది చప్పట్లు కొట్టారు.
డ్రమ్ములు కొనే పుణే ఆయన,
నేనెవరో తెలియని ఒక దుబాయి ఆయన,
హెచ్చార్ దామోదరం సారు.
ఆ శుక్రవారం నా బ్యాడ్జి మేజా మీద పెట్టించుకుని
మంచినీళ్లు తాగుతావా అమ్మా అని
రెండుసార్లు అడిగిన మనిషి.
పూలగుత్తి బొమ్మ పెట్టి
ఇట్లాగే కొనసాగాలని రాశాడు.

కోపంతోనే ఆయన ఫోటో నొక్కాను.
చుట్టూ పచ్చ వలయం.
నల్లకోటు.
రెండో బొత్తానికి ఎర్రదారం.

ఆ మేడమెట్లు ఎక్కేటప్పుడు
చెప్పులు కింద వదిలాడో, పైన వదిలాడో.
అంత బొద్దుమనిషి వీపుకి
నాలుగు క్లిప్పులు చాలవు.

థాంక్యూ సార్ అని కొట్టాను. చెరిపాను.
నవ్వకుండా బాగా నవ్వారు సార్ అని కొట్టి
పంపేశాను.

అటువైపు మూడు చుక్కలు కదులుతాయి,
ఆగుతాయి,
కదులుతాయి.
పొయ్యి మీద పాలు పొంగిన వాసన.
నేనింకా లేవలేదు.