మజ్జిగ గిన్నె

సాయంత్రం ఆరున్నరకి
కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చీ రాగానే
మా అమ్మీ మస్తాన్‌బీ
రెండు చేతులూ మణికట్ల దాకా
మజ్జిగ గిన్నెలో ముంచుతుంది.

మా ఇంట్లో నిశ్శబ్దమంటే
ఆ పావుగంటే.

మిగతా పొద్దంతా ఎంత గోలని!
కనుబొమలు కేకలేస్తాయి.
చెంపలు ఉబ్బి పొరుగింటావిడ నడకని ఆడిపోసుకుంటాయి.
గాజులు తమకి సంబంధం లేని మాటల్లో
మధ్యమధ్య దూరుతుంటాయి.

నాకు బడిలో ఒక పేరు.
నానీ ఉర్దూలో పిలిచేది ఒకటి.
అమ్మీ పెట్టింది ముక్కు మీద చూపుడువేలి నొక్కు.
పుట్టినప్పుడు నా ముక్కు చప్పిడిగా ఉండేదట.
ఆధార్ వాళ్ళకి
ఆ పేరు ఎలా ఎక్కించాలో తెలీదు.

మిరపకాయల తొడిమలు తీసే చేతులవి.
తేజ రకం వచ్చిన రోజు
వేళ్ళ సందుల్లో నిప్పులుంటాయి.
మాట్లాడాల్సిందీ వాటితోనే.
అందుకే మా అమ్మీ మాట
ముద్దు చేసినా మండుతుంది.
నేనేడిస్తే
మోచేత్తో తుడుస్తుంది కళ్ళు.

షెడ్డులో అందరి మూతులకీ గుడ్డలు.
నోరు తెరిస్తే దగ్గు.
ఆ ఘాటులో
రోజంతా ఆగకుండా మాట్లాడేది ఆమె ఒక్కతే.
సలోమి పిన్నికీ తిరుపతమ్మకీ అలాగే అబ్బాయి సైగలు.
బాకీ, అత్త, నెలసరి,
మేస్త్రీ చెవిన పడకూడనివన్నీ
ముందు నేర్చుకున్నారు.

నేను ఎనిమిదో ఏటి నుంచీ దుబాసీని.
రేషన్ షాపులో, బ్యాంకులో,
పెద్దాసుపత్రి చీటీల వరసలో.
"ఆ మూగదానికేం తెలుసులే" అని మేస్త్రీ అంటే
టీ తాగి రమ్మంటున్నాడని చెప్పేదాన్ని.
అమ్మీ నా వేళ్ళు చూసేది కాదు,
వాడి దవడ చూసేది.
టీకి మాత్రం లేచేది కాదు.

గేటు దగ్గర కాటా చూసే కోటిలింగం తాత
ఒకప్పుడు పశువుల సంతలో బేరగాడు.
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని
ఎద్దు ధర తేల్చిన మనిషి.
క్రియలు రావు గానీ
అంకెలొచ్చు.

ఒక శనివారం,
ఆడమనిషి చెయ్యి తాకుతున్నందుకు
ముందే కళ్ళతో మన్నించమని,
భుజం మీది తువ్వాలు దులుపుతున్నట్టే దులిపి
అమ్మీ చేతి మీద కప్పాడు.
అయిదు వేళ్ళు ఒకసారి.
రెండు వేళ్ళు ఒకసారి.

యాభై రెండు కిలోలు.
మేస్త్రీ చిట్టాలో నలభై నాలుగు.

అమ్మీ లేచింది.
ఒళ్ళోని తొడిమలన్నీ నేల రాలాయి.
షెడ్డు నడిమధ్యన నిలబడి
ఎర్రటి చేతులెత్తి అడిగింది.
నేను అలవాటు కొద్దీ
నోట్లో ఒక మెత్తటి వాక్యం నానబెడుతున్నాను:
"లెక్క ఇంకోసారి చూడమంటోంది సార్..."

నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.
గడ్డం భగ్గుమంది.

అప్పుడు చెప్పాను, ఉన్నదున్నట్టు.
ఎనిమిది కిలోలూ, ఎన్ని నెలలో,
వాడి కాటాకి పుట్టిన రోగమూ, తిట్లతో సహా.
ఒక్క తిట్టుకి మాత్రం
తెలుగులోనూ ఉర్దూలోనూ మాట దొరక్క
చేత్తోనే చూపించాను.
వెనక నుంచి సలోమి పిన్ని కూడా చూపించింది.

తర్వాతి వారం కాటా మారింది.
కోటిలింగం తాతని కూడా మార్చారు,
ఏటుకూరు రోడ్డులో ఇంకో గోడౌనుకి.
ఆయన కూచునే బస్తా మీద
ఇప్పుడు సీసీ కెమెరా పెట్టె ఉంది.

ఇవాళ
నా ఇంటర్ ఫలితాలొచ్చాయి.
ఫిజిక్స్ పోయింది.
గిన్నె పక్కన కూచున్నాను.
ఏమైందని కనుబొమలు అడిగాయి.
మంట చల్లారనీ, తర్వాత చెప్తానన్నాను.
కనుబొమలు దిగలేదు.

చెప్పేశాను.
మెత్తగా చెప్పడం
ఆ శనివారమే మర్చిపోయాను.

అమ్మీ ఆగలేదు.
మజ్జిగ ఓడుతున్న చేతులు అలాగే పైకి లేచాయి.
గోడ మీద చుక్కలు, నా పుస్తకాల మీద చుక్కలు,
స్విచ్చు బోర్డు మీద కూడా.
చాలాసేపు మాట్లాడింది.

పొద్దున లేచి చూస్తే
క్యాలెండర్లో పదకొండో తారీకు మీద
ఒక తెల్లటి చుక్క ఎండి ఉంది.
ఏ మాటదో మరి.
తుడవబోయి
ఊరుకున్నాను.