అరవై దాకా

ఆఫీసర్ల గెస్ట్‌హౌసు సామాను వేలమేసిన్నాడు
తుప్పు పట్టిన గ్యాసు గీజరొకటి
పద్నాలుగు వందలకు పాడుకున్నడు మా ఓదెలు.
బల్లార్షా క్వార్టర్ల దాకా
ఆటోల దాన్ని అడ్డంగ పండబెట్టి
తల కాడ తాను కూసోని తెచ్చిండు.

అంతకుముందు వేణ్ణీళ్ళంటే
వాకిట్ల మూడు రాళ్ళు,
పట్టాల పొంట ఏరిన బొగ్గు,
నా కండ్లల్ల పొగ.

గీజరు మీద అతికించిన కాయితం సగం ఊడింది.
మిగిలిన సగంల మూడే మాటలు:
నొక్కు. ముట్టించు. పట్టుకో.
ఎంతసేపు పట్టుకోవాల్నో చెప్పే ముక్క
ఏ ఆఫీసరు సబ్బునీళ్ళల్ల కొట్టుకపోయిందో.
"సాఠ్ పర్యంత్ మోజ్" అన్నది ధోటే కాకు
గోడ అవుతలి నుంచి, పిండి చేతులతోని.

అగ్గిపెట్టె ఇయ్యబోయిన.
ఆయన తీసుకోలే.
అరచేయి చొక్కా జేబు మీదికి పోయింది,
ఒకసారి ఎడమ, ఒకసారి కుడి,
తనను తానే సోదా చేసుకున్నట్టు.

ఇరవై తొమ్మిదేండ్లు
బాయి మొఖం కాడ చేతులు లేపి నిలబడ్డ మనిషి.
బీడీ లేదు, పుల్ల లేదు, దిగు
అంటేనే దిగిన మనిషి.
సర్దారు అయినంక చేతికి దీపమిచ్చిన్రు,
దానికీ తాళమేసే ఇచ్చిన్రు.
ఒత్తి తగ్గించి, కప్పు పొంటి ఎత్తి చూస్తడట.
మంట నెత్తిన నీలంటోపీ కనవడితే
అందర్నీ ఎనుకకు మర్లమంటడట.
పెండ్లైన కొత్తల ఇదంత చెప్తుంటే
నేను టోపీ కాడికే నవ్వి, నిద్రపోయిన.

ఇప్పుడు తానాలగదిల నిలబడి
మీదికి చూస్తున్నడు.
మునివేళ్ళ మీద లేచి
రేకుల సందుల ముక్కు పెట్టి
"గ్యాసు లేదు" అన్నడు,
బాయిల చెప్పినట్టే, గట్టిగ.

"అక్కడ గాదు" అన్న.
"నీ గ్యాసు మీదికి పోతది.
నా గ్యాసు కిందికి పారుతది."
కుచ్చిళ్ళు ఎగదోపి
బండల మీద చెంప ఆనించి
మోరీ కాడ వాసన చూసి చూపెట్టిన.
ఆయనా నా పక్కకు వంగిండు.
సబ్బుబిళ్ళ అంత ఎత్తు నుంచి
ఇద్దరం మా ఇంటిని చూసినం.
ఎన్ని సిలిండర్లు దొర్లించిన, ఎన్ని పైపులు మార్చిన,
అదొక విద్యని
నాకే అప్పటి దాకా తట్టలే.

కిటికీ తెరిచినం. వర్ధా మీది చలంత లోపలికొచ్చింది.
పుల్ల నేను గీసిన.
బుడిపె ఆయన నొక్కిండు.
వైశాలి గడపల నిలబడి మొదలువెట్టింది:
ఏక్, దోన్, తీన్...
దాని లెక్కలు మరాఠి బడివి.
ఆయన పెదిమెలు తెలుగుల కదులుతున్నయి.
పిల్ల చాళీస్ అన్నప్పుడు
తండ్రి ఇంక ముప్పై ఎనిమిది.
గోరు తెల్లవడ్డది.
యాభై రెండు కాడ తుమ్మొచ్చింది.
ఆరిపోయింది.

ఐదు నిమిషాలు ఆగినం.
చానా పెద్దవి, ఐదు నిమిషాలు.
రెండోసారి లెక్క వద్దన్నడు.
సందుల ఒక కన్ను పెట్టి
ఏం చూసిండో, ఎంతసేపు చూసిండో,
మెల్లగ వేలు తీసిండు.
నిలబడ్డది.
వడ్లగింజంత.
"టోపీ లేదు" అన్నడు.

ఆ పూట మొదటి చెంబు నల్లగ పారింది,
రెండోది బూడిద రంగు.
ఏడో చెంబుకు గాని
ఆయన వీపు ఆయనది కాలే.

రాత్రి రెండుసార్లు లేచిపోయి చూసొచ్చిండు.
ఆర్పకుంటే సిలిండరు నాలుగు రోజులు ముందే
ఒడుస్తదన్నది కాకు. నిజమే.
ఆర్పబోతే "ఉండనీ" అన్నడు నిద్రలనే.

తెల్లారి ఫస్టు షిఫ్టుకు బయలెల్లంగ
గడప కాడ ఆపిన.
చేతులు లేపుమన్న.
నవ్విండు, లేపిండు.
ఎడమ జేబుల నా అగ్గిపెట్టె.

తీసి కొంగున ముడేసుకున్న.
"పుల్ల లేదు" అన్న.
"ఇగ దిగు."